వెదకువారి కంటబడు వెబ్‌సైటు

ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు కొండలవలె పేరుకొని యుండును. ఆసియా ఖండములోని పెద్ద మిర్చి విపణులలో ఒకటిగా దానికి పేరు. అచ్చట రైతు తన సరుకును గూర్చి ఉపన్యసింపనక్కరలేదు. కొనువాడు టిక్కీలో చేయి పెట్టి, కాయను తీసి, రంగు చూచి, విరిచి, వాసన పీల్చి ధర చెప్పును. ఆ ధర న్యాయమైనదా కాదా అనునది వేరు ప్రశ్న. కాని ఆ రైతు కుమారుడో కోడలో కాయకు ఇంటియొద్దనే తొడిమ తీయించి, పొడి కొట్టించి, కిలో, అరకిలో సంచులలో కట్టి, హైదరాబాదునకో బెంగుళూరునకో నేరుగా పంపదలచినపుడు ఆ సౌకర్యము పోవును. వెబ్‌సైటులో చేయి పెట్టి కాయను విరిచి చూచుట ఎవరికిని సాధ్యము కాదు. అచ్చట సరుకును గూర్చి మాటలే చెప్పవలెను. ఆ మాటలను ముందుగా ఒక యంత్రము చదువవలెను.

గత కొన్ని సంవత్సరములలో ఈ మైదానమున ఇట్టి ప్రయత్నము చేసిన కుటుంబములు తక్కువ గావు. కారము, పచ్చళ్లు, మంగళగిరి చీరలు, చీరాల చేనేత వస్త్రములు, ఏదో యొక సరుకునకు ఒక వెబ్‌సైటు కట్టించుకొందురు. కట్టించుటకు కొంత సొమ్ము, ఏటేట దాని పేరు నిలుపుకొనుటకు మరికొంత సొమ్ము. మొదటి నెలలో బంధువులు చూతురు. పిదప ఎవరును రారు. గూగుల్‌లో వెదకినచో పెద్ద పెద్ద అంగళ్ల పేర్లు వచ్చునే గాని తమ పేరు పదవ పుటలోనైనను కనబడదు. అట్టి సమయమున ఫోనులో ఒక గొంతు వినబడును: ఇంత సొమ్మిచ్చినచో మూడు నెలలలో మిమ్ము మొదటి స్థానమున నిలిపెదమని. ఆ సొమ్ము చేతులు మారకముందు ఇంటివారు తమంతట తాము చూచుకొనదగిన పనులు చాల గలవు. వానిలో అధికభాగమునకు ఖర్చు లేదు; ఓపిక కావలెను. నేటి ప్రసంగము ఆ పనులను గూర్చియే.

సెర్చ్ ఇంజను అని వాడుకలో నున్న ఈ వెదకు యంత్రము పనిచేయు తీరు ముందు కొంత తెలియవలెను. మనము ఒక మాట టైపు చేసిన క్షణమున అది లోకములోని వెబ్‌సైట్లన్నిటిని తిరిగి చూచునని అనేకులు తలతురు. అంత తీరిక దానికి లేదు. అది ముందుగనే తన వేగులవారిని పంపును. ఈ వేగులవారు మనుష్యులు కారు, ప్రోగ్రాములు. వారు లంకెలు పట్టుకొని ఒక పుటనుండి మరొక పుటకు పోవుచు, చదివిన మాటలను ఒక పెద్ద సూచికలో ఎక్కించుచుందురు. గ్రంథము చివర అకారాదిగా పదసూచిక యుండును గదా, అట్టిదే. మనము అడిగినపుడు సమాధానము వచ్చునది ఆ సూచికనుండి. 1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున అలన్ ఎంటేజ్ అను విద్యార్థి నిర్మించిన ‘ఆర్చీ’ దస్త్రముల పేర్లను మాత్రమే ఎక్కించుకొనెడిది. లోపలి మాటలను చదువు యంత్రములు తరువాత వచ్చినవి. 1998లో కంపెనీగా ఏర్పడిన గూగుల్‌కు మూలము స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇద్దరు పరిశోధక విద్యార్థుల ఆలోచన. ఒక పుటకు ఇతర పుటలనుండి లంకెలున్నచో అవి దానికి సాక్ష్యములు. సాక్షి ఎంత గౌరవనీయుడో సాక్ష్యమునకు అంత విలువ. నేడు గూగుల్ లెక్కించు విషయములు ఇంకను అనేకము గలవు. అయినను చదువుట, సూచికలో ఎక్కించుట, వరుస నిర్ణయించుట అను మూడు మెట్లు అట్లే యున్నవి. మన చిన్న వర్తకులు సామాన్యముగా మూడవ మెట్టును గూర్చి దిగులు పడుచుందురు. వారి చిక్కు తరచుగా మొదటి రెండు మెట్లలోనే ఉండును.

కనుక మొదట అడుగవలసిన ప్రశ్న, ఆ వేగులవాడు మన ఇంటికి వచ్చెనా అని. దీనిని తెలిసికొనుట బహు సులభము. గూగుల్‌లో ఆంగ్లాక్షరములతో ‘సైట్’ అను మాట టైపు చేసి, రెండు చుక్కల గుర్తు పెట్టి, ఖాళీ విడువకుండ మీ వెబ్‌సైటు పేరు వ్రాయవలెను. సూచికలో ఎక్కిన మీ పుటలు కనబడును. ఒక్కటియు కనబడనిచో వరుసను గూర్చి విచారించుట వ్యర్థము. కారణము ఒక్కొక్కప్పుడు మిక్కిలి అల్పముగా నుండును. సైటు కట్టుచున్న రోజులలో సగము పని లోకమునకు కనబడకుండుటకై ‘ఈ పుటలను ఎక్కింపవద్దు’ అను సూచనను యంత్రమునకు పెట్టుదురు. పని ముగిసిన పిదప దానిని తీయుట మరతురు. గృహప్రవేశమైన తరువాత కూడ వాకిట అడ్డుకర్ర తీయని ఇల్లు వంటిదది. కట్టినవారిని పిలిచి ఆ ఒక్క గుర్తు తీయించినచో చాలును. గూగుల్‌వారు సైటు యజమానులకు ‘సెర్చ్ కన్సోల్’ అను సాధనమును ఉచితముగా ఇచ్చుచున్నారు. సైటు మనదని దానికి రుజువు చూపినచో, ఏ పుట ఎక్కినదో, ఏది ఎక్కలేదో, ఎందుచేతనో అది చెప్పును. పుటల జాబితాను, అనగా సైట్‌మ్యాప్‌ను, అచ్చటనే అందింపవచ్చును. శ్రోతలకు కార్యక్రమముల పట్టికను ముందుగా అందించు అలవాటు గల మాకు ఇది క్రొత్త విషయముగా తోచలేదు.

వేగులవాడు వచ్చెను సరే, అతనికి చదువుటకు ఏమున్నది? మన ప్రాంతపు సైట్లలో అన్నిటికంటె పెద్ద లోపము ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము. పట్టణములోని డి.టి.పి. దుకాణమున అనూ ఫాంట్లలో చక్కని కరపత్రము ఒకటి తయారగును. మిరపతోరణముల చిత్రము, ఎర్రని పెద్దక్షరములు, ధరలు, ఫోను నంబరు, అన్నియు అందులో ఉండును. దానినే ఫోటోగా మార్చి సైటులో అతికింతురు. మనకంటికి అది తెలుగు. యంత్రమునకు అది ఒక బొమ్మ. నేటి యంత్రములు బొమ్మలోని అక్షరములను కొంతవరకు గుర్తింపగలవన్నది నిజమే. కాని వాని దయపై మన వ్యాపారమును నిలుపుట తెలివి గాదు. పోనీ, ఆ అక్షరములనే ఎత్తి సైటులో పెట్టుదమన్నచో అవి అర్థము లేని ఆంగ్లపు గుర్తులుగా మారిపోవును. ఆ ఫాంట్లు అచ్చుపనికి అనుకూలమైనవి. వానిలో తెలుగు అక్షరము తెరమీది ఆకారమునకు మాత్రమే తెలుగు. లోపల దాగియున్న సంకేతము వేరు.

ఈ చిక్కు మన భాషకు పాతది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు దొరకినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు ‘గౌతమి’ అను తెలుగు ఫాంటు వచ్చినది. అయినను ఈనాడు, వార్త మొదలగు పత్రికల సైట్లు ఆ తరువాత కూడ కొంతకాలము తమ తమ సొంత ఫాంట్లలోనే నడచినవి. వేలకొలది తెలుగు వార్తలు అచ్చటనే యుండెను. వెదకువానికి ఒక్కటియు దొరకెడిది కాదు. ఆ గోడను దాటుటకు వెన్న నాగార్జునగారు ‘పద్మ’ అను సాధనమును నిర్మించిరి. అది ఆ ఫాంట్లలోని వ్రాతను యూనికోడ్‌లోనికి మార్చి చూపెడిది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురార్పణ చేసినవారును వారే. పత్రికలు నేడు యూనికోడ్‌లోనికి మారినవి. పత్రికలు విడిచిన ఆ పాత చిక్కు ఇప్పటికిని కరపత్రముల రూపమున మన చిన్న వర్తకుల సైట్లలో మిగిలియున్నది. దీనికి మందు ఒక్కటే. ధర, రకము, ఊరు, చిరునామా, అన్నియు యూనికోడ్ తెలుగులో టైపు చేసి వ్రాయవలెను. ఫోను తెలుగు కీబోర్డుతో వ్రాసినది యూనికోడే. అందమైన అక్షరములు కావలెనన్నచో గిడుగు, గురజాడ, సురన్న, మల్లన్న అను పేర్లతో మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితముగా దొరకుచున్నవి. బొమ్మ ఉండవచ్చును, దాని వెనుక అది ఏ బొమ్మయో చెప్పు ఒక వాక్యము వ్రాయుటకు ప్రతి సైటులోను చోటుండును. చీర ఫోటో వెనుక ‘మంగళగిరి నేత చీర, నిజాం అంచు’ అని ఆ చోట వ్రాసినవారు చాల అరుదు. ఫోటోలు మిక్కిలి బరువైనచో పల్లెలోని ఫోనులో పుట తెరచుకొనుటకు ఆలస్యమగును. 2015 ఏప్రిల్‌నుండి గూగుల్, ఫోనులో చక్కగా కనబడు పుటలకు ఫోను ఫలితములలో ప్రాధాన్యమిచ్చుచున్నది.

ఇక మాటల సంగతి. వెదకువాడు ఏ మాటతో వెదకునో ఆ మాట మన పుటలో ఉండవలెను. వినుటకు ఇది తేలికగా నుండును. ఒక్క మిరపనే తీసికొందము. మిరపకాయ, ఎండుమిరప, ఎండుమిర్చి, మిర్చి, కారం, కారప్పొడి, మిరప్పొడి, ఇన్నియు ఒక్క ఇంటిలోనే వినబడును. ఈ ప్రసంగమున మేము ‘కారము’ అనుచున్నాము. కొనువారు ‘కారం’ అని టైపు చేయుదురు. చాలమంది తెలుగు మాటనే ఆంగ్లాక్షరములలో టైపు చేయుదురు. ఇచ్చట వ్యాకరణము మనకు ఆదుకొనదు. వర్తకుని పుటలో ప్రజల వాడుకమాటలే సహజముగా రావలెను. ఇంగ్లీషున వెదకువారికొరకు వేరుగా ఒక ఇంగ్లీషు పుట యుండవలెను.

వాడుకమాట అయినంతమాత్రమున చాలదు. ‘గుంటూరు కారం’ అని వెదకి చూడుడు. 2024 జనవరి 12న అదే పేరుతో మహేష్‌బాబు నటించిన చలనచిత్రము విడుదలైనది. పాటలు, సమీక్షలు, నటీనటుల వార్తలు ముందు నిలిచి యుండగా ఒక పల్లెలోని కారపు మిల్లు వానితో పోటీపడజాలదు, పడనక్కరయు లేదు. ఆ రెండు మాటలతో వెదకువానికి ఏమి కావలెనో యంత్రమునకే రూఢిగా తెలియదు. ‘ఆవకాయకు తొడిమ తీసిన గుంటూరు ఎండుమిర్చి కారం కిలో’ అని వెదకువానికి సినిమాతో పనిలేదు. అతడు కొనుటకు వచ్చినవాడు. అట్టివారు సంఖ్యలో తక్కువ. కాని చిన్న అంగడికి కావలసినవారు వారే. ఆ పొడుగైన మాటలకొరకు పెద్ద అంగళ్లు అంత శ్రద్ధతో పుటలు వ్రాయవు.

ఊరిపేరుల విషయము కూడ ఇట్టిదే. ‘ప్రకాశం’ అన్నచో టంగుటూరి ప్రకాశం పంతులుగారు వచ్చెదరు, విజయవాడలోని బ్యారేజి వచ్చును, పిమ్మట జిల్లా వచ్చును. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో పంతులుగారి పేరు ధరించిన జిల్లా అది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను తిరిగి విభజించినపుడు నరసరావుపేట పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమైనది. చీరాల బాపట్ల జిల్లాలో చేరినది. కాని ఎక్కడో దూరదేశముననున్న చీరాలవాడు నేటికిని తన ఊరు ప్రకాశం జిల్లా అనియే తలచుచు, అట్లే వెదకుచుండును. కనుక ‘పూర్వము ప్రకాశం జిల్లా, నేడు బాపట్ల జిల్లా’ అని ఒక వాక్యము వ్రాసినచో సత్యమునకు భంగము లేదు, వెదకువానికి దారియు దొరకును.

ప్రతి పుటకు ఒక శీర్షిక యుండును. ఫలితములలో పెద్దక్షరములతో కనబడునది సామాన్యముగా అదియే. మనవారి సైట్లలో అన్ని పుటలకును ‘స్వాగతం’ అనియో ‘హోమ్’ అనియో ఉండుట కద్దు. సరుకు పేరు, ఊరు, అంగడి పేరు ఆ వరుసలో శీర్షికయందు పెట్టవలెను. ఒక్కొక్క సరుకునకు ఒక్కొక్క పుట కావలెను.

ఆ పుటలో ఏమి వ్రాయవలెను? ఇచ్చటనే చిన్నవాడు పెద్దవానిని మించగలడు. పెద్ద అంగడి పుటలో ‘నాణ్యమైన, స్వచ్ఛమైన, రుచికరమైన’ అని మూడు విశేషణములుండును. అవి ఏ కారమునకైనను సరిపోవును, అందుచేత దేనిని గూర్చియు ఏమియు చెప్పవు. మిరప పండించు ఇంటివారికి చెప్పుటకు చాల గలదు. కాయ లాం ఫారములో రూపొందిన ఎల్.సి.ఏ. 334 రకమా, తేజయా? మొదటి కోతదా, చివరి కోతదా? తాలుకాయను ఏరివేసిరా? కల్లములో నేలమీద ఎండెనా, పట్టాలమీద ఎండెనా? తొడిమతో ఆడించిరా, తీసి ఆడించిరా? గుంటూరు సన్నము ఘాటు సుమారు 35,000 నుండి 40,000 స్కోవిల్ పాళ్లుగా చెప్పుదురు. తేజ అంతకంటె ఘాటైనది. కర్ణాటకపు బ్యాడిగి ఘాటు తక్కువై రంగునకు పేరుపొందినది. ఆవకాయకు ఏది, సాంబారునకు ఏది, పిల్లలున్న ఇంటికి ఏది అని వ్రాసినచో అది చదువదగిన పుట యగును. ఇతరులు దానిని చూపి చెప్పుటకు కారణము ఏర్పడును. ఒక్క హెచ్చరిక మాత్రము అవసరము. గుంటూరు సన్నము భౌగోళిక గుర్తింపు పొందిన పేరు. ఎక్కువమంది వెదకుదురు గదా యని వేరు రకమును ఆ పేరుతో వ్రాయుట చట్టమునకును, కొనువాని నమ్మకమునకును విరుద్ధము.

మొదటి స్థానము హామీ ఇచ్చువారిని గూర్చి ఇప్పుడు చెప్పవచ్చును. అట్టి హామీ ఎవరును ఇయ్యజాలరని గూగుల్ సంస్థయే తన సూచనలలో స్పష్టముగా వ్రాసినది. సొమ్ము తీసికొని పైన చూపునవి ప్రకటనలు. వానిపై ఆ గుర్తుండును. సొమ్ము నిలిచిన దినమున అవియు నిలిచిపోవును. ఇక మిగిలిన ఉపాయములు చాలవరకు పాత మోసములే. తెల్లని పుటపై తెల్లని అక్షరములతో ‘మిర్చి, మిర్చి, మిర్చి’ అని నూరుసార్లు వ్రాయుట ఒకటి. కంటికి కనబడని ‘కీవర్డ్’ల జాబితా నింపుట మరొకటి, దానిని వరుస నిర్ణయమునకు లెక్కింపమని గూగుల్ 2009లోనే ప్రకటించినది. వేషము మార్చి యంత్రమునకు ఒక పుట, మనుష్యునకు ఒక పుట చూపిన దోషమునకు బి.ఎం.డబ్ల్యు. కార్ల కంపెనీవారి జర్మనీ సైటును 2006లో గూగుల్ తన సూచికనుండి తొలగించినది. 2011లో అమెరికాలోని జె.సి. పెన్నీ అను పెద్ద వస్త్రాది వస్తువుల అంగడికి కొన్న లంకెల సంగతిని న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయట పెట్టగా, దాని స్థానములు ఒక్కసారిగా అడుగునకు జారినవి. అంత పెద్ద కంపెనీలు తిరిగి పైకి రాగలిగినవి. పల్నాటి కారపు అంగడికి ఎవరు వకాల్తా పుచ్చుకొందురు?

లంకెలు న్యాయముగా వచ్చు దారులు మన ఇరుగుపొరుగులలోనే గలవు. మీ కారము వాడు పచ్చళ్లవారికి సైటున్నచో వారు మీ పేరు చెప్పవచ్చును. ఊరి బడి, సహకార సంఘము, మీ పొలమునకు వచ్చి వ్రాసిన పత్రిక, ఇవి చెప్పిన మాటకు విలువ యున్నది. వికీపీడియాలో ఊరి పుట తెరచి అందులో తమ అంగడి లంకె పెట్టువారు కొందరు గలరు. అది మర్యాద కాదు. పైగా ప్రయోజనమును లేదు, ఏలయనగా అచ్చటి బయటి లంకెలను లెక్కలోనికి తీసికొనవద్దను సూచన యంత్రమునకు ముందే యున్నది. దుకాణము తెరచి కూర్చున్నవారికైతే సైటుకంటె ముందుగా గూగుల్ మ్యాపులో ఉచితముగా పేరు నమోదు చేసికొనుట మేలు. చిరునామా, వేళలు, ఫోను సైటులో ఎట్లున్నవో అచ్చటను అట్లే యుండవలెను. మెచ్చుకోలు మాటలను బంధువులచేత వ్రాయించుట మాత్రము వలదు.

ప్రత్తివారిని గూర్చి ఒక మాట. నల్లరేగడి నేలపై జిన్నింగు మిల్లు నడుపువారు కూడ సైట్లు పెట్టుచున్నారు. వారి దూది కొనువారు కొన్ని స్పిన్నింగు మిల్లులవారు మాత్రమే. వారు పరస్పరము ఎరిగినవారే. అట్టివారు చిరునామా గల ఒక్క పుట పెట్టుకొని ఊరకుండవచ్చును. అందరికిని ఈ శ్రమ అవసరమని మేము చెప్పబోము.

2024 ఆగస్టునుండి మన దేశమున గూగుల్ కొన్ని ప్రశ్నలకు ఫలితములకు పైన కృత్రిమ మేధ వ్రాసిన సమాధానమును చూపుచున్నది. ఆవకాయ ఎట్లు పెట్టవలెనను ప్రశ్నకు సమాధానము అచ్చటనే చదివి, పుట తెరువకుండ పోవువారుందురు. కారము కావలసినవాడు మాత్రము అమ్మువానియొద్దకు రావలెను గదా. కాబట్టి సాధారణ విషయములను పోగుచేసి వ్రాసిన పుటలకంటె, తమ సరుకును గూర్చి తాము మాత్రమే చెప్పగలిగిన పుటలకే ఇకపై విలువ హెచ్చునని మా ఊహ.

చివరిగా కాలము సంగతి. మామిడికాయ వచ్చు ఏప్రిల్, మే నెలలలో కారమునకు గిరాకి యుండును. ఏప్రిల్‌లో పుట వ్రాసి మే నెలలో ఫలితము కోరుట, కోతకాలమున నారు పోయుట వంటిది. క్రొత్త సైటును యంత్రము చదివి, ఎక్కించి, నమ్ముటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. తొలి కోత ఇంటికి వచ్చు సంక్రాంతినాటికే ఆ పుట సిద్ధముగా నుండవలెను. మేము శ్రోతల ఉత్తరములు చదువునట్లు, నెలకొకసారి సెర్చ్ కన్సోల్‌లో జనులు ఏ మాటలతో వెదకి తమ పుటవరకు వచ్చిరో చదువవలెను. మనము ఊహింపని మాటలు అందులో కనబడును. వానిని పుటలో చేర్చుకొనవచ్చును. ఆ సాధనము 16 నెలల లెక్కను దాచియుంచును. అనగా ఈ సంక్రాంతికి పుట వ్రాసినవారు పై సంవత్సరము మే నెలలో కూర్చుండి, రెండు పచ్చళ్ల కాలముల మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనగలరు.